శబ్దం ఎక్కడ ఆగింది? ఇంటి కంప్యూటర్‌లో ధ్వని నడిచిన దారి



"కంప్యూటర్ బాగానే ఉంది గాని సౌండ్ రావడం లేదు." ఈ మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు, లేదా వినే ఉంటారు. అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుంది? ఒకరు వాల్యూమ్ పెంచుతారు. మరొకరు స్పీకరును తట్టి చూస్తారు. ఇంకొకరు వైరు ఊడదీసి మళ్ళీ గుచ్చుతారు. చివరకు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేస్తారు. ఒక్కోసారి సౌండ్ వస్తుంది. ఎందుకు పోయిందో, ఎందుకు వచ్చిందో తెలియదు కనుక మళ్ళీ పోయిననాడు ఇదే తంతు మొదటి నుంచి మొదలవుతుంది.

ఈ పాఠంలో మనం ఈ చిన్న సమస్యను చరిత్ర వైపు నుంచి పరిశీలిద్దాం. కంప్యూటర్‌లో ధ్వని ప్రయాణించే దారి ఒక్కసారిగా ఏర్పడినది కాదు. గత 7 దశాబ్దాలకు పైగా ఒక్కో కాలంలో ఒక్కో మజిలీ ఆ దారిలో వచ్చి చేరింది. కొత్త మజిలీ చేరిన ప్రతిసారీ ధ్వనితో చేయగలిగే పనులు పెరిగాయి. దాంతోపాటే ధ్వని ఆగిపోవడానికి మరో కొత్త చోటు కూడా ఏర్పడింది. ఈ మజిలీలు ఎప్పుడు, ఎందుకు వచ్చాయో తెలిస్తే లోపాన్ని వెతకడం గుడ్డిగా తడుముకోవడం కాకుండా ఒక శాస్త్రీయమైన పని అవుతుంది.

ల్యాబ్‌లో ఒక ఉదయం

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. 2004 ప్రాంతంలో నేను ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత కూడా నాదే. మా విద్యార్థుల్లో ఒకతనికి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో అతను కంప్యూటర్ నేర్చుకుంటున్నాడు. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌ను అతని కోసమే కేటాయించాం. అతని నోట్సు మొత్తం అందులోనే ఉండేది.

ప్రాక్టికల్ పరీక్షకు పది రోజుల ముందు ఒక ఉదయం ఆ కంప్యూటర్ మూగబోయింది. ల్యాబ్ అసిస్టెంట్ స్పీకర్లు మార్చి చూశాడు. వాల్యూమ్ చూశాడు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాడు. ఫలితం లేదు. "ఇక ఫార్మాట్ చేసేద్దాం సార్" అన్నాడు. ఫార్మాట్ చేస్తే ఆ విద్యార్థి నోట్సు పోతుంది. స్క్రీన్ రీడర్‌ను మళ్ళీ వేసి, లైసెన్సు మళ్ళీ తెప్పించుకోవాలి. అందుకు ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం.

పక్కనే నిలబడి వింటున్న ఆ విద్యార్థి మెల్లగా అన్నాడు: "సార్, ఆన్ చేయగానే లోపల చిన్న బీప్ వచ్చింది. హార్డ్‌డిస్క్ చప్పుడు కూడా రోజూ లాగే ఉంది. అంటే మిషన్ బాగానే లేస్తోంది కదా. నిన్న మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడింది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య దీనికి ఏం చేశారు సార్?"

ఆ ప్రశ్న మాకు తట్టలేదు. జవాబు ఏమిటో తర్వాత చెబుతాను. ముందు అతను విన్న ఆ బీప్ కథ తెలుసుకుందాం.

కంప్యూటర్ మొదట కూసింది ఎందుకు?

ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో 1951లో ఫెరాంటి మార్క్ 1 అనే కంప్యూటర్ పనిచేసేది. దానికి ఒక లౌడ్‌స్పీకర్ అమర్చారు. దాన్ని హూటర్ అనేవారు. అది పాటల కోసం పెట్టింది కాదు. గది నిండా ఉన్న ఆ యంత్రం లోపల ఏం జరుగుతోందో దాన్ని నడిపే మనిషికి తెలియాలి. ఒక లెక్క ముగిసిందా, యంత్రం ఒకే చోట తిరుగుతూ ఉండిపోయిందా అన్న సంగతి చెవికి అందితే, మనిషి ఎప్పుడూ యంత్రం ముందే కూర్చోనక్కర్లేదు. యంత్రం హూటర్‌కు ఒక ఆదేశం ఇచ్చినప్పుడల్లా 'టిక్' మనే చిన్న శబ్దం వచ్చేది. ఆ ఆదేశాన్ని క్రమబద్ధంగా, వేగంగా పదేపదే ఇస్తే టిక్కులన్నీ కలిసి ఒక స్వరంగా వినిపించేవి. అలన్ ట్యూరింగ్ ఆ యంత్రం కోసం రాసిన కరదీపికలో ఈ పద్ధతిని వివరించాడు.

క్రిస్టఫర్ స్ట్రేచీ అనే ఉపాధ్యాయుడు ఆ స్వరాలను వరుసగా పేర్చి బ్రిటన్ జాతీయగీతాన్ని పలికించాడు. 1951లో బి.బి.సి. ఆ యంత్రం పలికిన పాటలను రికార్డు చేసింది. కంప్యూటర్ సంగీతానికి మనకు మిగిలిన అతి పురాతన రికార్డు అదే. న్యూజిలాండ్ పరిశోధకులు 2016లో దాని వేగాన్ని సరిదిద్ది మళ్ళీ వినిపించారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కూడా సిరాక్ అనే యంత్రం 1951 నాటికే పాటలు పలికింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కంప్యూటర్‌కు శబ్దం మొదట వచ్చింది యంత్రం బాగోగులు తెలుసుకోవడానికే. ఆ తర్వాతే అది వినోదానికి, విద్యకు ఉపయోగపడింది. మా ల్యాబ్‌లో ఆ విద్యార్థి చేసిందీ హూటర్ కాలపు పనే. యంత్రం ఎలా ఉందో చెవితో కనిపెట్టాడు.

అంకెలు అలగా ఎలా మారతాయి?

హూటర్‌తో స్వరం వస్తుంది గాని మనిషి గొంతు రాదు. గొంతు, వీణ, వర్షం వంటి ఏ ధ్వనినైనా కంప్యూటర్ పలకాలంటే ఆ ధ్వని తరంగాన్ని అంకెలుగా మార్చి దాచుకోవాలి. తరంగం ఎత్తును సమాన కాలవ్యవధుల్లో కొలిచి రాసుకోవడాన్ని శాంప్లింగ్ అంటారు. ఎంత తరచుగా కొలవాలి? ఒక తరంగాన్ని నష్టం లేకుండా తిరిగి నిర్మించాలంటే, అందులో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. ఈ సూత్రానికి హ్యారీ నైక్విస్ట్ 1928లో పునాది వేయగా, క్లాడ్ షానన్ 1949లో గణిత నిరూపణ ప్రచురించాడు.

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. అందుకే 1982లో మార్కెట్లోకి వచ్చిన ఆడియో సి.డి.లో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ఒక్కో కొలతకు 16 బిట్లు. ఎడమ, కుడి చెవులకు రెండు వరుసలు. మూడింటినీ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే 1,76,400 బైట్లు.

ఈ అంకెలను తిరిగి విద్యుత్ వోల్టేజిగా మార్చే భాగాన్ని డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్ అంటారు. ఆ వోల్టేజి ఆంప్లిఫయర్‌లో బలం పుంజుకుని, స్పీకర్‌లోని తీగచుట్టలో ప్రవహించి, అట్టను కదిలిస్తుంది. కదిలిన అట్ట గాలిని కదిలిస్తుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మాక్స్ మాథ్యూస్ 1957లో ఐ.బి.ఎం. 704 కంప్యూటర్ చేత ఇలా అంకెల ద్వారానే 17 సెకన్ల సంగీతాన్ని సృష్టింపజేశాడు. 1961లో అదే సంస్థలో కంప్యూటర్ గొంతుతో పాట కూడా పాడించారు. సిద్ధాంతం అప్పటికే పూర్తయింది. కాని ఇంటికి చేరడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

1981: ఒక్క బీప్

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. నేటి మన కంప్యూటర్లకు అదే పూర్వీకురాలు. అందులో సౌండ్ కార్డు లేదు. పెట్టె లోపల ఒక చిన్న స్పీకర్, దాన్ని నడిపే టైమర్ చిప్ మాత్రమే ఉండేవి. ఆ టైమర్‌కు సెకనుకు సుమారు 11,93,182 స్పందనలు అందేవి. ప్రోగ్రామర్ ఒక సంఖ్య ఇస్తే టైమర్ ఆ స్పందనలను దానితో భాగించేది. 1193 ఇస్తే 1000 హెర్ట్జ్, 2712 ఇస్తే 440 హెర్ట్జ్ స్వరం వచ్చేది.

అంతకు మించి ఎందుకు పెట్టలేదు? లెక్క వేసి చూడండి. ఆ యంత్రం మదర్‌బోర్డు మీద పట్టే మెమొరీ 64 కిలోబైట్లు, అంటే 65,536 బైట్లు. సి.డి. నాణ్యతగల ధ్వని సెకనుకు 1,76,400 బైట్లు తింటుంది. మెమొరీ మొత్తం ఖాళీ చేసి ఇచ్చినా సుమారు 0.37 సెకను ధ్వని మాత్రమే పడుతుంది.

అయినా ఆ చిన్న స్పీకర్ ఒక ముఖ్యమైన పని చేసేది. కంప్యూటర్ ఆన్ కాగానే తనను తాను పరీక్షించుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే ఒక పొట్టి బీప్. తెరను నడిపే భాగంలో లోపం ఉంటే ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు. తెరే పనిచేయనప్పుడు లోపాన్ని తెర మీద చూపలేం కనుక చెవికి చెప్పాలి. హూటర్ వారసత్వం ఇదే.

మన దేశంలో 1984-85లో 'క్లాస్' ప్రాజెక్టు కింద పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. అవి ఆన్ చేయగానే రెండు స్వరాలతో పలికేవి. ఒకేసారి మూడు స్వరాలు, ఒక చప్పుడు పలికించగల ప్రత్యేకమైన ధ్వని చిప్ వాటిలో ఉండేది. కంప్యూటర్‌ను మొదటిసారి చూసిన మన పిల్లల్లో చాలామందికి దాని పలకరింపు ఆ రెండు స్వరాలే.

ఈ కాలంలో శబ్దం రాకపోతే కారణాలు చాలా తక్కువ. వైరు ఊడి ఉండాలి, లేదా స్పీకర్ పాడై ఉండాలి. దారి పొట్టిది కనుక వెతుకులాటా పొట్టిదే.

కార్డుల కాలం, ఇంటరప్టుల తగాదా

1987లో కెనడాకు చెందిన ఆడ్‌లిబ్ సంస్థ ఒక సౌండ్ కార్డు తెచ్చింది. అందులోని యమహా చిప్ ఒకేసారి 9 స్వరాలు పలికించేది. ఆ చిప్ వాడిన ఎఫ్.ఎం. సింథసిస్ పద్ధతిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొని 1973లో ప్రచురించాడు. ఆడ్‌లిబ్ వాద్యాలను అనుకరించేది గాని, రికార్డు చేసిన గొంతును పలికించడానికి ఉద్దేశించినది కాదు.

ఆ కొరత తీర్చింది సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ. సిమ్ వాంగ్ హూ స్థాపించిన ఈ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టర్ అనే కార్డును విడుదల చేసింది. ఆడ్‌లిబ్ చేసే పనులన్నీ చేస్తూనే, రికార్డు చేసిన మాటలను కూడా అది వినిపించేది. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16తో సి.డి. స్థాయి శాంప్లింగ్ ఇంటి కంప్యూటర్‌కు అందింది.

కాని కొత్త కార్డు కంప్యూటర్‌లో ఒక ఇంటి అద్దెదారు వంటిది. దానికో చిరునామా కావాలి. పని పడినప్పుడు ప్రాసెసర్‌ను పిలవడానికి ఒక గంట కావాలి. దీన్నే ఇంటరప్ట్ అంటారు. మెమొరీ నుంచి ధ్వని అంకెలు నేరుగా తెచ్చుకోవడానికి డి.ఎం.ఎ. అనే దారి కావాలి. సాధారణంగా చిరునామా 220, ఇంటరప్ట్ 5 లేదా 7, డి.ఎం.ఎ. 1 అని పెట్టేవారు. అసలు చిక్కు ఏమిటంటే ఇంటరప్ట్ 7 మామూలుగా ప్రింటర్‌కు కేటాయించినది. ఇద్దరికీ ఒకే గంట అయితే ప్రాసెసర్‌కు ఎవరు పిలిచారో అర్థం కాదు. ధ్వని ఆగిపోయేది, లేదా ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ మోగేది, లేదా మొత్తం యంత్రమే బిగుసుకుపోయేది. డాస్ కాలంలో ప్రతి ఆటకూ ఈ సంఖ్యలను విడిగా చెప్పవలసి వచ్చేది. కార్డు మీద జంపర్ అనే చిన్న తొడుగును ఒక పిన్ను నుంచి మరో పిన్నుకు మార్చవలసి వచ్చేది.

అంటే మొదటిసారిగా, ఏ వస్తువూ పాడుకాకుండానే ధ్వని పోవడం మొదలయింది. స్పీకర్ బాగుంది, కార్డు బాగుంది, వైరు బాగుంది. వాటి మధ్య ఒప్పందమే బాగాలేదు.

డ్రైవర్ అనే దుబాసీ

ఈ తగాదాను తీర్చడానికి ఆపరేటింగ్ సిస్టం మధ్యలోకి వచ్చింది. 1992లో వచ్చిన విండోస్ 3.1లో ధ్వనికి ఉమ్మడి ఏర్పాటు ఉంది. ప్రోగ్రాములు విండోస్‌తో మాట్లాడతాయి. విండోస్ చెప్పిన మాటను కార్డుకు దాని భాషలో చెప్పే దుబాసీయే డ్రైవర్. 1995 ఆగస్టులో విడుదలైన విండోస్ 95 'ప్లగ్ అండ్ ప్లే' పద్ధతితో చిరునామాలను, ఇంటరప్టులను తానే పంచడం మొదలుపెట్టింది. డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు ఆశ్చర్యార్థకం కనిపిస్తే ఆ పరికరానికీ విండోస్‌కూ పొత్తు కుదరలేదని అర్థం. ఈ గుర్తు నేటికీ ఉంది.

దుబాసీ వచ్చాక కొత్త రకం మౌనం వచ్చింది. దుబాసీ లేకపోతే, లేదా వేరే కార్డు దుబాసీ వస్తే, మంచి కార్డు కూడా మూగదే. ఇది పాత కాలపు సమస్య అనుకోకండి. 2018 అక్టోబరులో ఒక ఇంటెల్ ఆడియో డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా పొరపాటున కొన్ని కంప్యూటర్లకు చేరి, వాటిలో ధ్వని పోయింది. మైక్రోసాఫ్ట్ ఆ పొరపాటును ప్రకటించి, సవరణ విడుదల చేసింది. ఆ వారంలో ఎంతమంది అనవసరంగా స్పీకర్లు మార్చి ఉంటారో ఊహించండి.

వాల్యూమ్ నియంత్రణలు కూడా ఈ కాలంలోనే పెరిగాయి. మొత్తానికి ఒకటి, రికార్డు చేసిన ధ్వనికి ఒకటి, సి.డి.కి ఒకటి. మొదటిది పూర్తిగా పెంచినా రెండవది తగ్గించి ఉంటే పాట వినిపించదు. ఇక సి.డి. పాటల సంగతి మరీ విచిత్రం. ఆనాటి చాలా కంప్యూటర్లలో సి.డి. డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకు ఒక సన్నని వైరు విడిగా ఉండేది. ఆ వైరు తగిలించకపోతే కంప్యూటర్‌లోని అన్ని శబ్దాలూ వచ్చి, సి.డి. పాట ఒక్కటే వచ్చేది కాదు.

లినక్స్‌లో మరో తీరు. 1998లో యారోస్లావ్ కైసెలా ప్రారంభించిన ఆల్సా అనే ధ్వని వ్యవస్థ, కొత్తగా ఏర్పాటు చేసినప్పుడు ధ్వని మార్గాలన్నింటినీ కావాలనే మూసి ఉంచేది. వాటిని వాడేవారే తెరవాలి. ఆ సంగతి తెలియనివారు కార్డు పనిచేయడం లేదనుకునేవారు.

మదర్‌బోర్డు మీదికి వచ్చిన ధ్వని, మా ల్యాబ్ జవాబు

1997లో ఇంటెల్ ఏసీ-97 అనే ప్రమాణాన్ని రూపొందించింది. దాంతో విడి కార్డు అవసరం తగ్గి, ధ్వని చిప్ మదర్‌బోర్డు మీదికే వచ్చింది. అదే కాలంలో రంధ్రాలకు రంగులు స్థిరపడ్డాయి. స్పీకర్లకు లేతాకుపచ్చ, మైకుకు గులాబీ, బయటి నుంచి వచ్చే ధ్వనికి లేతనీలం. స్పీకరు పిన్నును గులాబీ రంధ్రంలో గుచ్చడం నేటికీ ధ్వని రాకపోవడానికి ఒక సామాన్య కారణం.

ఇక పెట్టె ముందువైపు కూడా ఇయర్‌ఫోన్ రంధ్రం పెట్టడం మొదలయింది. ఏసీ-97 బోర్డులలో దీనికో ఏర్పాటు ఉండేది. ధ్వని సంకేతం చిప్ నుంచి బయలుదేరి, బోర్డు మీదున్న పిన్నుల వరుస గుండా ముందువైపు రంధ్రానికి వెళ్ళి, అక్కడ ఇయర్‌ఫోన్ లేకపోతే వెనక్కి తిరిగి వచ్చి, వెనుక ఉన్న ఆకుపచ్చ రంధ్రానికి చేరేది. ముందువైపు రంధ్రమే లేని పెట్టెల్లో ఈ దారి తెగిపోకుండా 5, 6 పిన్నులను, 9, 10 పిన్నులను రెండు చిన్న జంపర్లతో కలిపి ఉంచేవారు.

ఇప్పుడు మా ల్యాబ్‌కు తిరిగి వెళ్దాం. "నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం చేశారు?" అన్న ప్రశ్నకు జవాబు ల్యాబ్ రిజిస్టరులో ఉంది. ముందు రోజు సాయంత్రం ఆ కంప్యూటర్ పాత పెట్టె తీసేసి కొత్త పెట్టె బిగించారు. మీడియా ప్లేయర్‌లో పాట వేస్తే సమయం కదులుతోంది, లోపం ఉందన్న సందేశం ఏదీ లేదు. అంటే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ తమ పని చేస్తున్నట్టే. వెనుక రంధ్రంలో ఇయర్‌ఫోన్ పెడితే నిశ్శబ్దం. అంటే లోపం స్పీకర్లలో లేదు. చిప్‌కూ రంధ్రానికీ మధ్య ఎక్కడో ఉంది.

పెట్టె విప్పి చూశాం. కొత్త పెట్టెకు ముందువైపు రంధ్రాలున్నాయి. బిగించిన మనిషి వాటి వైరు తగిలించడానికి రెండు జంపర్లూ తీసేశాడు. వైరు తగిలించడం మరిచిపోయాడు. ధ్వని ఆ పిన్నుల దగ్గరికి వచ్చి ఆగిపోతోంది. వైరు తగిలించి ఆన్ చేయగానే స్క్రీన్ రీడర్ మాట్లాడింది. ఆ విద్యార్థి కుర్చీ జరుపుకుని కూర్చుని వెంటనే తన నోట్సు తెరిచాడు. ఫార్మాట్ చేసి ఉంటే నోట్సు పోయేది, మౌనం మాత్రం అలాగే ఉండేది.

దారులు చీలిన కాలం

2004లో ఇంటెల్ హై డెఫినిషన్ ఆడియో ప్రమాణం వచ్చింది. రంధ్రంలో పిన్ను గుచ్చగానే చిప్ గుర్తించడం సాధారణమయింది. ఆ తర్వాత సమస్య రూపమే మారింది. అంతకుముందు ధ్వనికి దాదాపు ఒకే దారి. ఇప్పుడు చాలా దారులు.

2002 చివర్లో ప్రకటించిన హెచ్.డి.ఎం.ఐ. ప్రమాణంలో బొమ్మ, ధ్వని ఒకే తీగలో వెళ్తాయి. కంప్యూటర్‌ను టీవీకి కలిపితే ధ్వని కూడా టీవీకి వెళ్ళిపోవచ్చు. స్పీకర్లు లేని మానిటర్‌కు కూడా ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటే ధ్వని అక్కడికి పోయి ఎవరికీ వినిపించకుండా ఉండవచ్చు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పక్క గదిలో ఉన్నా, ఆన్‌లో ఉంటే పాట దానిలో మోగుతూ ఉండవచ్చు. ఇక్కడ ధ్వని ఆగలేదు, మరో చోటికి వెళ్ళింది.

2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా ప్రతి ప్రోగ్రాముకూ విడి వాల్యూమ్ ఇచ్చింది. 2009 నాటి విండోస్ 7, కాల్ మాట్లాడుతున్నప్పుడు మిగతా శబ్దాలను దానంతట అదే 80 శాతం తగ్గించే ఏర్పాటు చేసింది. 2018 ఏప్రిల్‌లో క్రోమ్ బ్రౌజర్, మనం తాకని వీడియోలు తమంతట తాము ధ్వనితో మొదలుకాకుండా అడ్డుకుంది. విండోస్ 8 నుంచి ఆరంభ సంగీతం మామూలుగా వినిపించేది కాదు. విండోస్ 11తో 2021లో అది తిరిగి వచ్చింది. ఇవన్నీ వాడేవారి సౌకర్యం కోసం చేసిన మార్పులే. వాటి గురించి తెలియనివారికి మాత్రం లోపాలుగానే కనిపిస్తాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి తరగతులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఈ చీలిన దారులన్నీ ఒక్కసారిగా మన ముందుకు వచ్చాయి. "సార్, వినిపించడం లేదు" అన్నది ఆ రోజుల్లో ప్రతి తరగతిలో విన్న మాట. ఆ మాట చెప్పలేక, చెప్పినా మనకు వినబడక, పాఠం పోగొట్టుకున్న పిల్లలూ ఉన్నారు.

సగానికి చీల్చి వెతకడం

ఇంత పొడవైన దారిలో ఆగిన చోటును ఎలా పట్టుకోవాలి? పాత రేడియో మెకానిక్కులు మనకో పద్ధతి ఇచ్చారు. రేడియో మూగబోతే వారు మొదటి నుంచి ప్రతి భాగాన్నీ మార్చుకుంటూ వెళ్ళేవారు కాదు. మధ్యలో ఉన్న వాల్యూమ్ కంట్రోల్ దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో తాకేవారు. స్పీకర్‌లో 'బుర్'మనే మోత వస్తే అక్కడి నుంచి స్పీకర్ దాకా దారి బాగున్నట్టు. లోపం ముందు సగంలో ఉంది. మోత రాకపోతే వెనుక సగంలో ఉంది. ఒక్క తాకుడుతో సగం పని తీరిపోయేది. 16 మజిలీల దారిలో ఒక్కో దాన్ని వరుసగా చూస్తే 15 పరీక్షలు పట్టవచ్చు. సగానికి చీలుస్తూ పోతే 4 పరీక్షలు చాలు.

నేటి కంప్యూటర్‌లో ఆ మధ్య చోటు ఏది? విండోస్ సౌండ్ సెట్టింగుల్లో పరికరం పక్కన కదిలే గీత. పాట వేసి ఆ గీతను చూడండి. గీత కదులుతూ ఉంటే ప్రోగ్రాము, బ్రౌజర్ తమ పని చేశాయి. ఇక ఆ పరికరం పేరు చదవండి. మీరు వినాలనుకున్న స్పీకర్ అదేనా? కాకపోతే మార్చండి. అదే అయితే వైరు, రంగు, స్పీకర్ పవర్ స్విచ్ చూడండి. గీత కదలకపోతే బయట వైర్లను పీకవద్దు. ఆ ట్యాబ్ మ్యూట్‌లో ఉందా, ఆ ప్రోగ్రాము వాల్యూమ్ ఎంత ఉంది అన్నవి చూడండి. పరికరమే జాబితాలో లేకపోతే డివైస్ మేనేజర్ చూడండి. అది డ్రైవర్ మజిలీ.

మరో మంచి పరీక్ష యు.ఎస్.బి. హెడ్‌సెట్. అందులో సొంత ధ్వని చిప్ ఉంటుంది. అది మదర్‌బోర్డు చిప్‌ను దాటేసి పోతుంది. అందులో ధ్వని వస్తే విండోస్ బాగుంది, లోపం బోర్డు చిప్‌లోనో, దాని డ్రైవర్‌లోనో, రంధ్రంలోనో ఉంది. చూపు లేనివారి కంప్యూటర్ దగ్గర ఇలాంటి హెడ్‌సెట్ ఒకటి ఎప్పుడూ ఉండటం మంచిది.

చెవే కన్ను అయినవారికి

ఈ సమస్య మనకు చిన్నది. పాట ఆగింది, రేపు వింటాం. తెరను చెవితో చదివేవారికి అది కంప్యూటరే ఆగిపోవడం. ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ అమెరికాలో 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను తెచ్చాడు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, తానూ చూపు లేనివాడే, 2006లో ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను ప్రారంభించాడు. దానితో వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగును కూడా చదువుతుంది. లైసెన్సు డబ్బులు లేవని ఆగిపోయే అవసరం ఇప్పుడు లేదు.

కాని ధ్వని దారిలో ఎక్కడ అడ్డు వచ్చినా ఆ గొంతు ఆగిపోతుంది. లోపాన్ని చెప్పే సందేశం తెర మీదే ఉంటుంది, దాన్ని చదివే గొంతే లేదు. అందుకే మీ తరగతిలో, మీ వీధిలో అలాంటి వారు ఉంటే, ఈ పాఠంలోని క్రమం మీకు తెలిసి ఉండటం వారికి ఒక రోజు చదువును నిలబెట్టవచ్చు. ఆ పని చేసేటప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టి మీరొక్కరే చేయకండి. వారు ఏం విన్నారో ముందు అడగండి. మా ల్యాబ్‌లో కళ్ళున్న మా ఇద్దరికన్నా ముందు సరైన ప్రశ్న వేసింది చెవితో చూసిన విద్యార్థే.

మీరు చేసి చూడండి

1. మీ కంప్యూటర్‌లో ఒక పాట వేసి, ఫైలు నుంచి మీ చెవి దాకా ధ్వని దాటే మజిలీలను కాగితం మీద వరుసగా రాయండి. ఒక్కో మజిలీ పక్కన అది ఏ కాలంలో చేరిందో రాయండి.

2. మీ మిత్రుణ్ణి మీకు చెప్పకుండా ఒకే ఒక చోట ధ్వనిని ఆపమనండి. సగానికి చీల్చే పద్ధతితో ఎన్ని పరీక్షల్లో కనుక్కున్నారో లెక్కపెట్టండి.

3. రెండు నిమిషాల సి.డి. నాణ్యతగల ధ్వనికి ఎన్ని బైట్లు కావాలో లెక్కించండి. 1981 నాటి 64 కిలోబైట్ల యంత్రాలు ఎన్ని కలిపితే అంత మెమొరీ అవుతుంది?

మళ్ళీ ఎప్పుడైనా మీ కంప్యూటర్ మూగబోతే వాల్యూమ్ మీద చేయి వేసే ముందు ఒక్క నిమిషం ఆగి ఆ విద్యార్థి ప్రశ్ననే మీరూ వేసుకోండి: చివరిసారి పలికినప్పటి నుంచి ఇప్పటిదాకా దీనిలో మారింది ఏమిటి?